ఏడుపుకీ ఏడుపుకీ మధ్య

రెండూ నలభై. ఏడుపు ఆగింది. నాకు భయం వేసేది ఇట్లా ఆగినప్పుడే. ఎనిమిది నెలల మగబిడ్డ, పేరు పోలేరయ్య. ఇంతసేపూ కాళ్ళు రెండూ పొట్టలోకి ముడుచుకొని వీధి చివరికి వినబడేట్టు కేకలు పెట్టినవాడు, ఇప్పుడు బల్ల మీద రబ్బరు గుడ్డ పైన కాళ్ళు చాపేసి, కళ్ళు సగం మూసి పైకప్పు వాసాలకేసి చూస్తున్నాడు. వాడి తల్లి అంకాలమ్మకు ఇరవై కూడా నిండలేదు. కొంగుతో వాడి మొహం తుడిచి "నెమ్మదించినాడు నర్సమ్మా" అంది. వాడి నాయనమ్మ మాలకొండమ్మ గోడవార కూర్చున్న చోటు నుంచే "నెమ్మదించినాడు గదా, ఇంక పోదాం లెయ్యి మే" అంది. ఈ మాట వింటే నా ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండుతుందో మాత్రం పైకి చెప్పను. చేతి గడియారం చూసుకున్నాను. మూడూ నలభైకి బస్సు, కాలవ వంతెన దగ్గర వెనక్కి తిరిగి విడవలూరు మీదుగా నెల్లూరు పోతుంది, అది పోతే రేపు పొద్దున దాకా ఇంకోటి లేదు. డాక్టరుగారు సోమవారం, గురువారం వస్తారు. ఈరోజు శుక్రవారం, పిల్లల కడుపులకు వారాలు తెలియవు. మిగిలింది నేను, ఒక గంట. ఈ గంటలో ఈ పొట్టలో ఏముందో తేల్చుకోవాలి. నేననుకుంటున్నదే అయితే, బస్సు తప్పిందంటే బిడ్డ దక్కడు.

చేతులు రెండూ రుద్దుకున్నాను, ఈ ఎండలో చేతులు చల్లగా ఎందుకుంటాయి, అయినా అలవాటు. చల్లటి చెయ్యి తగిలితే ఏ బిడ్డయినా పొట్ట బిగబడతాడు, ఆ బిగువు జబ్బుదో నీ చేతిదో ఎట్లా తెలుస్తుందే ప్రమీలా అని సమాధానం అనే సిస్టరు అడిగేది, ట్రెయినింగులో మా అందరికీ ఆమె అంటే హడలు, సన్నటి మనిషి, గొంతు మాత్రం మేడ మీదికి వినబడేది. ముందు చూడు, తర్వాత విను, చివరికి తాకు, ఏడ్చేటప్పుడు తాకి ప్రయోజనం లేదు, ఊరుకున్నాక తాకు, బిడ్డ మొహం చూస్తూ తాకు, నీ చెయ్యి చూసుకుంటూ కాదు. నోరున్న పిల్లలైతే నొప్పి ఎక్కడని అడగొచ్చు, వాళ్ళూ బొడ్డే చూపిస్తారు, పచ్చి మామిడికాయ తిన్నా బొడ్డే, పాములున్నా బొడ్డే. ఇక ఈ చంటివాణ్ణి ఏమని అడగను. సముద్రం మీద బతికే ఈ పట్టపుపాళెం వాళ్ళు పిల్లలకు ఏలికపాములు పడితే బాదమాకులో పొట్లం కట్టుకొని తెచ్చి నా బల్ల మీద విప్పి చూపిస్తారు, మా వాడికి పదకొండు అంటారు, మొదటి రోజుల్లో అన్నం సయించేది కాదు నాకు. అదే విరేచనమైతే చస్తే చూపించరు. సిగ్గు. ఆసుపత్రికి బయలుదేరే ముందు బిడ్డను శుభ్రంగా కడిగి, మాసిన గుడ్డ కాలవలో జాడించేసి, ఉతికిన గుడ్డ చుట్టి, బొట్టు పెట్టి, పెళ్ళికి తెచ్చినట్టు తెస్తారు. గుడ్డ ఉతకబాకండి, అట్లాగే తెండి అని ఎన్ని సార్లు మొత్తుకున్నానో లెక్కలేదు, నీ ఎదట పెట్టేదానికి మాకు మానం లేదా అంటారు. ఈరోజూ అంతే. వీడి నుదుట చాదు బొట్టు నిండుగా, బుగ్గ మీద దిష్టి చుక్క, నడుముకు తెల్లటి గుడ్డ.

"విరేచనమైన గుడ్డ ఏది అంకాలమ్మా?"

"కాలవలో ఉతికేసినా."

"ఎట్టా ఉండింది?"

"జిగట నర్సమ్మా. రెండు తడవలు అయింది. అంతా జిగట."

జిగట. మా రిజిస్టరులో జబ్బు పేరు రాసే గడిలో ఈ మాటకు ఎంత చోటు ఉందో, రోజుకు నాలుగైదు సార్లు రాస్తాను, జిగట విరేచనాలు, జిగట విరేచనాలు, రాసి రాసి నా అక్షరాలు కూడా జిగటగా సాగుతుంటాయి. జిగట అనగానే చెయ్యి దానంతటదే బిళ్ళల డబ్బా మీదికి పోతుంది, తెల్ల మిక్చరు సీసా మీదికి పోతుంది. ఈ ఊళ్ళో జిగటకు తెల్లదీ ఉంది, పచ్చదీ ఉంది, నెత్తురు కలిసిందీ ఉంది, అన్నిటికీ మాట ఒకటే. రంగు ఏమని అడిగితే జిగట రంగు అంటుంది అంకాలమ్మ, పాపం ఆ పిల్ల మాత్రం ఏం చెబుతుంది, తెల్లారుజామున ఇంకా సరిగ్గా వెలుతురు రాకముందు అయిందట మొదటిసారి. కోడి కూసేవేళ కేక పెట్టి లేచాడట, అంతకు ముందు దాకా నవ్వుతూ ఆడుకున్న బిడ్డ. పాలు కక్కాడు, తర్వాత పచ్చగా కక్కాడు. నాయనమ్మ ఒక చెంచాడు ఆముదం పోసింది. ఆముదం! ఆ సీసా ఇప్పుడు కూడా మాలకొండమ్మ ఒళ్ళోనే ఉంది, నా మందు పని చెయ్యకపోతే ఆమె మందు తయారు. ఇంకొక్క చుక్క పోస్తే నీ చెయ్యి విరిచేస్తానని అన్నాను, నవ్వుతూనే అన్నాను, ఆమె నవ్వలేదు.

గుమ్మంలో కామమ్మ నిలబడి ఉంది. వీళ్ళను నా దగ్గరికి లాక్కొచ్చింది ఆమే, మాలకొండమ్మకు తోడికోడలు, వయసులో చాలా చిన్నది, అంకాలమ్మకు చిన్నత్త. లోపలికి రాదు, వస్తే ఆ బల్లను చూడాలి. ఆమె అట్లా తలుపు పట్టుకొని నిలబడటం చూస్తే నా మెడ వెనక ఏదో పాకినట్టుంటుంది. ఈ ఊళ్ళో నన్ను అక్కా అని పిలిచే మనిషి ఆమె ఒక్కతే. మిగతా అందరికీ నర్సమ్మను, నాకో పేరుందని కూడా ఎవరికీ గుర్తు లేదు, వచ్చి అయిదేళ్ళు, జబ్బు చేస్తే నేను కావాలి, తగ్గితే వీధిలో ఎదురైనా తల తిప్పుకుంటారు, జబ్బు మళ్ళీ గుర్తొస్తుందని కాబోలు. నా చేతి మందు తాగుతారు, నా చేతి నీళ్ళు తాగరు. మా నాన్న యెహోషువ పంతులు చనిపోయేదాకా ఇదే చెప్పి నవ్వేవాడు, చదువు చెబితే తీసుకుంటారమ్మా, సుద్దముక్క మాత్రం నేల మీద పెడితే తీసుకుంటారు అని. ఆదివారం నాడు ఒక్కదాన్నే బైబిలు చదువుకుంటాను, పైకి చదువుతాను, ఇంట్లో గొంతు ఒకటి వినబడాలని. సాయంత్రం పంచాయతీ రేడియోలో ధరలు చెబుతుంటే అవి కూడా వింటాను. అట్లాంటి రోజుల్లో కామమ్మ చేపల గంప నా అరుగు మీద దించి, "అక్కా, కాసిని నీళ్ళియ్యి" అంది. గ్లాసు ఎత్తి గడగడా తాగింది. అప్పటి నుంచి రెండేళ్ళు, చేపలు అమ్ముకొని వచ్చే ప్రతి మధ్యాహ్నం నా గడపలో ఓ ఘడియ కూర్చుంటుంది, ఎవరి వల తెగింది, ఎవరి మొగుడు ఎవర్ని కొట్టాడు, అన్నీ చెబుతుంది. ఆ ఘడియ కోసమే నేను మిగతా రోజంతా గడుపుతానని ఆమెకు తెలియదు. తెలియకపోవడమే మంచిది.

మళ్ళీ మొదలైంది. రెండూ యాభై మూడు, పదమూడు నిమిషాలు. ముందు కళ్ళు పెద్దవి చేశాడు, మూతి చుట్టూ తెల్లబడింది, కాళ్ళు పైకి లాక్కున్నాడు, అప్పుడు కేక. ఆకలి ఏడుపు అట్లా ఉండదు, ఆకలి ఏడుపులో కోపం ఉంటుంది, అడగడం ఉంటుంది. ఇందులో అడగడం లేదు. ఎవరో లోపలి నుంచి పట్టుకొని మెలిపెడుతుంటే బయటికి వచ్చే కేక. అంకాలమ్మ రవిక రెండు వైపులా తడిసింది, బిడ్డ ఏడిస్తే పాలు వాటంతటవే వస్తాయి, వాణ్ణి ఎత్తి రొమ్ము దగ్గర పెట్టుకోబోయింది. "పాలివ్వబాక" అన్నాను. గట్టిగానే అన్నాను. అట్లా అనగానే నా నాలుక నేనే కొరుక్కున్నాను.

"చూస్తివా మే!" మాలకొండమ్మ మోకాళ్ళ మీద లేచింది. "నేను చెబితే వినకపోతివి. మిట్టమద్దేనం ఇసకలో చేపలెండబెట్టి, ఆ ఎండ ఒంట్లో ఉండంగానే బిడ్డకు పాలిచ్చినావు. పాలు ఇరిగి బిడ్డ కడుపులో పడినాయి. నర్సమ్మ కూడా పాలొద్దంటా ఉండాది. పాలే! ఈ ఇంటి కోడళ్ళ పాలు ఇంతే!"

పేగు నడవనప్పుడు పైనుంచి ఏం పోసినా కక్కుతాడు, అందుకని వద్దన్నాను, నీళ్ళయినా వద్దంటాను, పాల తప్పు కాదు మాలకొండమ్మా అని చెప్పాను. చెప్పానా? చెప్పాను, కేకల మధ్య, ఎవరూ వినలేదు. అంకాలమ్మ రవిక రెండు చేతులతో నొక్కి పట్టుకొని ఏడుస్తోంది. గుమ్మంలో కామమ్మ తల దించుకుంది. ఆమె దేని కోసం తల దించుకుందో నాకు తెలుసు, ఈ గదిలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

రెండేళ్ళ కిందట, కార్తీకంలో, ముసురు పట్టిన రోజు. ఇదే బల్ల. కామమ్మ బిడ్డ పెంచలమ్మ, పది నెలలది, ఇట్లాగే కడిగి బొట్టు పెట్టి తెచ్చింది. ఆ రోజు బయట నలభై మంది, సగానికి సగం విరేచనాలే. జిగట పడతా ఉందక్కా అంది, అప్పుడు అక్కా అనలేదు, నర్సమ్మా అంది, ఇప్పటి పిలుపు అప్పటికి అతికించుకుంటున్నాను. గుడ్డ అడగలేదు నేను. బిడ్డ ఏడుస్తుండగానే పొట్ట మీద చెయ్యి వేశాను, పొట్ట బిగుసుకొని ఉంది, ఏమీ తెలియలేదు, చెయ్యి తీసేశాను. మలద్వారంలో వేలు పెట్టి చూడలేదు, చేతికి వేసుకునే రబ్బరు తొడుగులు ఉడకబెట్టి లేవు, అదొక సాకు. ఊరుకునేదాకా ఆగి మళ్ళీ తాకలేదు. ఊరుకుంది, నేను చూస్తుండగానే ఊరుకుంది, అలిసిపోయినట్టు తల వాల్చింది, ఆ ఊరుకోవడం చూసి నేనే అన్నాను, నా నోటితో, నెమ్మదించింది కదా కామమ్మా, తీసకపో. జిగట విరేచనాలు అని రాశాను. బిళ్ళలిచ్చాను, సీసాలో తెల్ల మిక్చరు పోసిచ్చాను. ఒక రోజు పాలాపు అని చెప్పాను. ఆ మధ్యాహ్నం కూడా బస్సు ఉంది. మూడో రోజు పొద్దున పిల్ల పోయింది. ఆ తర్వాత సోమవారం డాక్టరుగారికి ఎట్లా జరిగిందో చెబితే, ఆయన కలం మూత బిగిస్తూ, పేగులో పేగు దూరి ఉంటుంది, ఊరుకున్నప్పుడు తాకి చూశావా అన్నాడు. చూశానండీ అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు.

ఊళ్ళో ఎవరూ నన్ను అడగలేదు. అడగాల్సిన పని వాళ్ళకు లేకపోయింది, జవాబు నేనే ఇచ్చేశాను కదా. నర్సమ్మ పాలాపమనింది. అంటే పాలలో ఉంది. కామమ్మ నెత్తి మీద గంపతో ఎండన బడి ఊళ్ళు తిరిగి వచ్చి పాలిచ్చింది, ఎండపాలు బిడ్డను తిన్నాయి. కార్తీకంలో, ముసురులో, ఎండపాలు! ఎవరికీ ఆ మాట తట్టలేదు. నాకు తట్టింది, నోరెత్తలేదు. పాతిపెట్టే చోటికి పోయి నేను ఏడ్చాను, అందరికంటే ఎక్కువ ఏడ్చాను. నెల తర్వాత కామమ్మ వచ్చి, నా బిడ్డ కోసం ఏడ్చింది నువ్వొక్కదానివే గదా అక్కా అని నా చేతి నీళ్ళు తాగింది. అదీ మా స్నేహం. ఎప్పుడైనా గంపలో మిగిలిన చేపలు నాకు తీసిపెడుతూ, నా పాలే దాన్ని తినేసినాయక్కా అంటుంది, వాన పడిందక్కా అన్నంత మామూలుగా అంటుంది. నేను ఇంకో గ్లాసు నీళ్ళు పోస్తాను. ఒక్కసారి కాదు అనొచ్చు కదా, ఎన్ని మధ్యాహ్నాలు పోయాయి, కాదు అంటే మరి ఏమిటని అడుగుతుంది, అది చెబితే రేపటి నుంచి నా అరుగు మీద గంప దిగదు. అందుకని ఊరుకున్నాను. ఒంటరితనం మనిషిని మంచిదాన్ని చేస్తుందని ఎవరో అంటే విన్నాను, నన్ను మాత్రం దొంగను చేసింది.

మూడూ నాలుగు. ఏడుపు ఆగింది. ఎవరూ మాట్లాడకండి అన్నాను. చేతులు మళ్ళీ రుద్దుకొని, వంగి, వాడి కళ్ళలోకి చూస్తూ, ఎడమ పక్క నుంచి మెల్లగా మొదలుపెట్టాను. మెత్తగా ఉంది. బొడ్డు కింద మెత్తగా ఉంది. కుడివైపు కింద, పేగు మలుపు ఉండాల్సిన చోట, ఏమీ లేనట్టు, ఖాళీ సంచి తాకినట్టు. మెల్లగా పైకి వచ్చాను. పక్కటెముకల కింద వేళ్ళకు తగిలింది. వంకరగా, నిండుగా, అరటి పిందె అంత. నొక్కగానే పోలేరయ్య మూలిగాడు. వేళ్ళు తీసి, మళ్ళీ పెట్టి చూశాను, అది నా ఊహ కావాలని దేవుణ్ణి అడిగాను. అక్కడే ఉంది. రెండేళ్ళ కిందట ఆ పిల్ల పొట్టలోనూ ఇది ఇక్కడే ఉండి ఉంటుంది, నా వేళ్ళ కింద, నేను ఇంకో పది నిమిషాలు ఆగి ఉంటే తగిలేది. తొడుగులు ఈ రెండేళ్ళుగా ప్రతిరోజూ ఉడకబెట్టి ఉంచుతున్నాను. చిటికెన వేలికి వాజలీను రాసి, మాలకొండమ్మ అయ్యో అయ్యో అంటుండగానే చూశాను. వేలు బయటికి తీస్తే ఎర్రగా ఉంది. మలం లేదు, వాసన లేదు, నెత్తురు కలిసిన ఎర్రటి జిగురు, తాటిముంజె నీళ్ళలో కుంకుమ కలిపితే ఉన్నట్టు. కిటికీ వెలుగులో పట్టుకొని అందరికీ చూపించాను.

"జిగటే గదా" అంది మాలకొండమ్మ. "మేం చెప్పింది అదేగదా."

కాదమ్మా కాదు, జిగట విరేచనం వేరు, ఇది వేరు అని చెప్పడం మొదలుపెట్టాను. విప్పేటప్పుడు రవిక చెయ్యి లోపలికి మడతపడి ఇరుక్కుంటుందే, అట్లా పేగు పేగులోకి దూరింది, పేగు నడిచినప్పుడల్లా ఇంకాస్త లోపలికి పోతుంది, అప్పుడు కేక పెడతాడు, పేగు అలిసినప్పుడు ఊరుకుంటాడు, ఊరుకున్నాడంటే తగ్గింది అని కాదు. నెల్లూరు పెద్దాసుపత్రిలో దాన్ని బయటికి లాగుతారు, కావలిస్తే పొట్ట కోసి లాగుతారు, ఈ బస్సుకు పోతే దీపాలు పెట్టేలోగా చేరతారు. అంకాలమ్మ రవిక చెయ్యి పట్టుకొని చూసుకుంటోంది. ఆ పిల్లకు అర్థమైంది. కాని కోస్తారు అనే మాట మాలకొండమ్మ చెవిన పడింది, ఇంక మిగతాది పడలేదు.

"కోసేదానికా? ఎనిమిదినెల్ల బిడ్డనా? వాడి నాయన చెంచయ్య సముద్రం మీద ఉండాడు, రేపుగానీ ఒడ్డుకు రాడు, వాడు రాకండా బిడ్డను కోయిస్తే నన్ను నరుకుతాడు." ఆమె నా దగ్గరికి వచ్చింది. పెద్ద మనిషి, చెడ్డది కాదు, అయిదుగుర్ని కని ఇద్దర్ని పూడ్చింది. "నర్సమ్మా, నేనొకటి అడగతా చెప్పు. మా కామమ్మ బిడ్డకి ఇట్టనే గదా అయింది. ఇట్టనే జిగట పడింది. ఆ పొద్దు బిళ్ళలిచ్చి ఇంటికి పొమ్మంటివి. ఆ బిడ్డకు లేని నెల్లూరు నా మనవడికెందుకు?"

ఇంత సూటిగా అడుగుతుందని నేననుకోలేదు. మూడూ పద్దెనిమిది. గోడ మీద మశూచికం టీకాల బొమ్మ ఉంది, దాని మూల గాలికి కొట్టుకుంటోంది, సముద్రపు గాలి అప్పుడే మొదలైంది. అది వేరే జబ్బు మాలకొండమ్మా అన్నాను. అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో, రెండేళ్ళు నోట్లో పెట్టుకొని నానబెట్టిన అబద్ధం. అది వేరే, ఆ బిడ్డది వట్టి విరేచనం, ఇది పేగు, రెండూ ఒకటి కాదు. పోతుందా, నమ్ముతుందా, నమ్మి బస్సెక్కుతుందా, ఎక్కితే చాలు, దేవుడా, ఈ అబద్ధంతో ఈ బిడ్డ బతికి ఆ స్నేహం కూడా మిగిలితే నీకేం పోయింది.

"వేరే కాదక్కా."

కామమ్మ. గుమ్మం దాటి లోపలికి వచ్చింది, ఇన్నాళ్ళలో మొదటిసారి ఆ బల్ల దగ్గరికి వచ్చింది. "నేను చూస్తానే ఉండా. నా బిడ్డ కూడా ఇట్టనే కాళ్ళు ముడుచుకునింది. ఇట్టనే మూతి తెల్లబడింది. కాసేపు ఊరకుండి మళ్ళా అరిచింది. నువ్వు మరిచిపోయినావేమో. అంతా ఇదే అక్కా."

నన్ను ఆదుకోవడానికే చెప్పింది. ఎక్కడో నేను పొరబడుతున్నానని, మరిచిపోయానని, గుర్తు చేస్తే ఈ బిడ్డకు మంచిదని. ఆమె మొహంలో అనుమానం లేదు. "విన్యావా?" అంది మాలకొండమ్మ, "అదే అయితే ఆ మందే ఇయ్యి, పాలాపుతాం, పోతాం." ఆముదం సీసా కొంగులో ముడేసుకొని బిడ్డను ఎత్తుకోబోయింది. పోలేరయ్య కళ్ళు తేలేస్తున్నాడు, పెదాలు పాలిపోయాయి, ఎంతో బుద్ధిమంతుడిలా పడుకొని ఉన్నాడు. గడియారం టిక్కు టిక్కుమంటోంది, దూరంగా వంతెన అవతల బస్సు హారను వినిపించింది, అది వచ్చి, తిరిగి, డ్రైవరు టీ తాగి, అంతే. నేను చెప్పకపోతే వీళ్ళు నెల్లూరు పోరు. చెబితే పోతారని కూడా నమ్మకం లేదు. చెబితే నాకు మిగిలేది ఈ నాలుగు గోడలు. నాకు నలభై రెండేళ్ళు, ఇంకో పదమూడేళ్ళు ఉద్యోగం, ఏ ఊరు వేస్తే ఆ ఊళ్ళో నా గొంతు నేనే వినుకుంటూ పదమూడేళ్ళు. ఏడుపు మళ్ళీ మొదలైంది. ఈసారి ముందటంత గట్టిగా లేదు. బలం తగ్గుతోంది. అది విన్నాక ఇంకేం ఆలోచించలేదు.

"రెండూ ఒకటే" అన్నాను. "ఆ పొద్దు నేను సరిగ్గా చూడలేదు. ఏడ్చేటప్పుడు పొట్ట పట్టుకొని వదిలేసినాను. ఊరుకున్నాక చూడలేదు, వేలు పెట్టి చూడలేదు, గుడ్డ అడగలేదు. జిగట అంటే జిగట అని రాసుకున్నాను. పేగులో పేగు దూరింది, నేను కనుక్కోలేదు. ఇంటికి పొమ్మన్నాను. అందుకే పెంచలమ్మ పోయింది. ఆ పొద్దు నెల్లూరు పంపించి ఉంటే బతికేది. ఈ బిడ్డనన్నా తీసకపోండి."

చెప్పడం అంత తేలికని తెలియదు. పది ముక్కలు, ఊపిరి కూడా పట్టనక్కర్లేదు. కామమ్మ వైపు చూడలేదు నేను, చూడలేకపోయాను, ఆమె కాళ్ళు కనిపిస్తున్నాయి, ఇసక అంటిన మడమలు, కదలకుండా. ముందు కదిలింది అంకాలమ్మ. అత్త చేతులు తోసేసి బల్ల మీది బిడ్డను ఎత్తుకుంది, ఇంతసేపూ అత్తకు ఎదురు చెప్పని పిల్ల. "నేను పోతా. వాడి నాయన నరికితే నన్ను నరుకుతాడులే" అంది. చెప్పులు లేని కాళ్ళతో బయటికి నడిచింది.

చీటీ రాశాను. చెయ్యి ఆడింది, ఆశ్చర్యం. కేకలు వచ్చిన వేళలు, వాంతులు, గడ్డ ఎక్కడ తగిలింది, వేలికి ఏం అంటింది, ఆముదం చెంచాడు, అన్నీ. బస్సు దగ్గరికి పరిగెత్తి అంకాలమ్మ కొంగున ముడి వేసి, నోట్లో ఏం పోయొద్దు, పాలొద్దు, నీళ్ళొద్దు, ఊరుకున్నా దిగొద్దు అని చెప్పాను. నేనూ వస్తానన్నాను. "నువ్వు రాబాక" అంది మాలకొండమ్మ వెనక నుంచి వస్తూ, నా మొహం చూడకుండా. "నీ చెయ్యి బిడ్డ మీద పడింది చాలు." సరే అన్నాను. న్యాయమే. ఆమె కూడా బస్సెక్కబోయింది, ఆముదం సీసా ఇంకా కొంగులోనే ఉంది. లాక్కుందామనుకున్నాను, అంతలో కామమ్మ దాన్ని ముడి విప్పి తీసి, కాలవలోకి విసిరేసి, ఆమె వెనకే తనూ ఎక్కింది. నా పక్క నుంచే ఎక్కింది. భుజం తగిలింది. ఆమె దగ్గరి చేపల వాసన నాకు ఎంత అలవాటో.

జనం ఉన్నారు, టీ బడ్డీ దగ్గర, బియ్యం బస్తాల బండి దగ్గర, నర్సమ్మ ఎండలో నెత్తిన కొంగు కూడా లేకుండా ఎందుకు నిలబడిందో అని చూస్తున్నారు. కామమ్మ కిటికీ పక్కన కూర్చుంది, పోలేరయ్యను అంకాలమ్మ దగ్గర నుంచి తీసుకొని భుజాన వేసుకుంది, ఎదురుగా చూస్తోంది. ఇంక ఈ జన్మలో నా వైపు చూడదు అనుకున్నాను. డ్రైవరు ఎక్కాడు. ఇంజను గుర్రుమంది, బస్సంతా వణికింది. అప్పుడు తిరిగింది ఆమె. కోపం ఉంటుందనుకున్నాను, శాపం పెడుతుందనుకున్నాను, పెడితే తీసుకోవడానికి నిలబడే ఉన్నాను. ఆమె కళ్ళు చిన్నపిల్ల కళ్ళలా, ఏదో తనకు ఇస్తారో ఇవ్వరో అన్నట్టు ఉన్నాయి.

"అయితే," అంది, మళ్ళీ అంది, "అయితే నా పాలు కాదా?"

కాదు అన్నాను. ఇంజను మోతలో నా మాట నాకే వినబడలేదు. బస్సు కదిలింది. ఆమె కిటికీలోంచి తల బయటికి పెట్టి "ఏందీ?" అంది. నేను నడిచాను, తర్వాత పరిగెత్తాను, చీర కాళ్ళకు అడ్డం పడుతుంటే పైకి ఎత్తి పట్టుకొని, నలభై రెండేళ్ళ దాన్ని, ప్రభుత్వ నర్సుని, టీ బడ్డీ ముందు నుంచి, బస్తాల బండి ముందు నుంచి, "కాదు కామమ్మా, నీ పాలు కాదు, నీ పాలు మంచియే, నేను చంపినాను, నీ పాలు కాదు" అని అరుస్తూ పరిగెత్తాను. ఆమె తల లోపలికి తీసుకోలేదు. బస్సు వంతెన దాటేదాకా ఆమె వింటూనే ఉంది, వంతెన దాకా నేను అరుస్తూనే ఉన్నాను.